మిగిలిన అద్దుడు కాగితం

పాత పటాలు పోగుచేసేవాళ్ళు రకరకాలుగా ఉంటారు. కొందరికి దేశాల పిచ్చి, కొందరికి రంగుల పిచ్చి. సముద్రం మధ్యలో నోరు తెరిచిన తిమింగలం ఉంటే చాలు, ఆ పటం కోసం పెళ్ళాంతో మాటలు మానేసినవాళ్ళు కూడా ఉన్నారు. గోడ బోసిగా ఉందని కొనేవాళ్ళ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. జాబితా గారి పిచ్చి వీటిలో ఏదీ కాదు. ముప్పై ఏళ్ళుగా ఆయన పోగుచేసింది ఒకే ఒక్క పటం. అదే సముద్రం, అవే దీవులు, పదకొండు ప్రతులు. ఆ పదకొండూ ఆయనకు పనికిరానివే.

పనికిరావని తేల్చి చెప్పింది అతుకులమ్మ. చిరిగిన కాగితాలనూ పురుగు తిన్న పుస్తకాలనూ బాగుచెయ్యడం ఆమె వృత్తి. తండ్రి పెట్టిన కొట్టు అది. ఆయన పోయి పదేళ్ళయింది. ఇప్పుడు అతుకుల పని ఆమెది, కుట్టి అట్టలు కట్టే పని తమ్ముడిది. ఆమెకు యాభై అయిదేళ్ళు నిండాయి. అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒక క్షణం ఆగి పలుకుతుంది.

జాబితా గారు ఒకప్పుడు పెద్ద గ్రంథాలయంలో పాత పుస్తకాల గదికి అధికారి. ఏది కనబడినా జాబితా రాసుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పెళ్ళికి వెళితే వచ్చిన చుట్టాల జాబితా ఒకటి, రానివాళ్ళ జాబితా ఒకటి విడివిడిగా రాసుకొస్తాడని అతుకులమ్మ తండ్రి వేళాకోళం చేసేవాడు. రక్తసంబంధం లేకపోయినా ఇద్దరూ అన్నదమ్ముల్లా మెలిగారు. అందుకే అతుకులమ్మకు ఆయన చిన్నప్పటినుంచీ బాబాయి.

ఆ గ్రంథాలయంలో నాలుగు వందల ఏళ్ళనాటి అట్లాసు ఒకటి ఉంది. పటాలను పుస్తకంగా కుట్టి అమ్మడం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. రాగి రేకుల మీద గీతలు చెక్కి, అచ్చు తీసి, ఒక్కో పటానికీ చేత్తో రంగులు వేశారు. మొత్తం యాభై నాలుగు. పటాల వెనక ఏమీ అచ్చు వెయ్యలేదు, ముందు వైపున అంకెలూ లేవు. చివర్లో ఒక పట్టిక ఉందంతే. ముప్పై ఒకటో పటం ఒక పెద్ద సముద్రానిది. అందులో దీవుల గుంపుకు దూరంగా ఒంటరి దీవి ఒకటి ఉంటుంది. నిజానికి అలాంటి దీవి భూమ్మీద ఎక్కడా లేదు. ఎవరో నావికుడు మబ్బును చూసి నేల అనుకున్నాడు, చెక్కినవాడు నమ్మి చెక్కాడు, ఆ తర్వాత వందేళ్ళపాటు ఓడలు దానికోసం తిరిగాయి.

అతుకులమ్మకు ఇరవై మూడేళ్ళప్పుడు ఆ అట్లాసు వాళ్ళ కొట్టుకు వచ్చింది. కుట్లు విప్పి, పటాలు విడదీసి, కడిగి, జిగురు నీళ్ళు పట్టించి, ఆరబెట్టి, మళ్ళీ కట్టి ఇవ్వాలి. నాలుగు నెలలు పట్టింది. తిరిగి ఇచ్చిన రోజున రసీదు పుస్తకం ముందు పెట్టి, "లెక్క చూసుకోండి బాబాయ్" అంది అతుకులమ్మ.

"మీ నాన్న చేతి మీదుగా వచ్చినదాన్ని నేను లెక్కపెట్టడమా? బాగోదమ్మా" అని జాబితా గారు సంతకం చేసేశారు. ఆయన జన్మలో సరిచూసుకోకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

రెండేళ్ళ తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళు లెక్కపెడితే యాభై మూడే తేలాయి. ముప్పై ఒకటోది లేదు. కోసిన గుర్తు లేదు, చింపిన అంచు లేదు. అంత శుభ్రంగా తియ్యాలంటే కట్టు పని తెలిసినవాడే అయి ఉండాలన్నారు. జాబితా గారు ఆదివారాలు సరదాగా ఈ కొట్టులో కూర్చుని కట్టు పని నేర్చుకున్నారు. బీరువా తాళం ఆయన దగ్గరే ఉండేది. అన్నీ ముట్టాయన్న సంతకమూ ఆయనదే. విచారణలో అతుకులమ్మ తండ్రి "మేం తీసుకున్నవన్నీ తిరిగిచ్చాం" అన్నాడు. పటాలను వరస పెట్టింది ఎవరని అడిగితే అతుకులమ్మ "నేనేనండీ. అన్నీ ఉన్నాయి" అంది. రుజువు లేదు కాబట్టి ఆయనకు జైలు తప్పింది. సంతకం ఉంది కాబట్టి ఉద్యోగం పోయింది. అట్లాసును ఇనప్పెట్టెలో పెట్టి సీలు వేశారు.

ఆ తర్వాత జాబితా గారు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ బతికారు. అక్కడా ఆయన వెనక 'పటాల దొంగ' అనేవాళ్ళు అననే అన్నారు. లోకులు కాకులన్నారు గాని, కాకి కాసేపు అరిచి ఊరుకుంటుంది. ఈయన మీద ముప్పై ఏళ్ళపాటు అరిచారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. దొంగిలించినవాడు ఎప్పటికో అప్పటికి అమ్ముకోక మానడు, అమ్మిన రోజున తీగ లాగితే డొంకంతా కదులుతుంది, ఇదీ ఆయన లెక్క. అందుకని పాత పటాల దుకాణాలకూ, వేలంపాటలకూ, పాత కాగితాలు కొనేవాళ్ళ గోదాములకూ తిరగడం మొదలుపెట్టారు. అదే రాగి రేకు మీద అచ్చయిన ఆ పటం ఎక్కడ కనబడితే అక్కడ, కడుపు కట్టుకుని అయినా కొనేవారు.

కొన్న పటం ఈ అట్లాసుదే అని ఎలా తెలుస్తుంది? దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. ఆ పుస్తకంలో ఇరవై ఆరో పటం నుంచి ముప్పై ఆరో పటం దాకా కింది అంచున ఒక పురుగు తొలుచుకుంటూ పోయింది. వరసగా మూడు బెజ్జాలు, మూడోది కొద్దిగా పక్కకి ఒరిగి ఉంటుంది. ఉద్యోగం పోయిన రోజున ఆయన బల్ల మీదున్న సన్న కాగితాన్ని ముప్పై రెండో పటం మీద పరిచి ఆ మూడు బెజ్జాల గుర్తూ పెన్సిలుతో దించుకుని జేబులో పెట్టుకొచ్చారు. గ్రంథాలయం నుంచి ఆయన తెచ్చుకున్నది నిజంగా అదొక్కటే.

"పురుగుకి అబద్ధమాడడం రాదమ్మా. ఒక పేజీ వదిలేసి ఇంకో పేజీలోకి దూకలేదు" అనేవారు.

కొత్త ప్రతి దొరికినప్పుడల్లా సంచీ పట్టుకుని కొట్టుకు వచ్చేవారు. అతుకులమ్మ ఆయన సంచీ విప్పేలోపే టీ పెట్టేది. పెద్దవాళ్ళ మీద గౌరవం అనుకునేవాడు తమ్ముడు. తర్వాత దీపం కింద పటం పరిచి, పైన ఆ సన్న కాగితం పెట్టి, ఇద్దరూ వంగి చూసేవాళ్ళు. ఒకసారి రెండు బెజ్జాలు కలిశాయి. మూడోది వేలెడు దూరంలో ఉంది. ఆ రోజు ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయారు. ప్రతి పటానికీ ఒక చీటీ రాసి కట్టేవారు. "కాదు. పురుగు దారి కలవలేదు." తారీఖు, కింద సంతకం. అలాంటి చీటీలు పదకొండు.

ఈ ఏడు గ్రంథాలయం పైకప్పులో నీళ్ళ గొట్టం పగిలింది. ఇనప్పెట్టెలోకి చెమ్మ దిగింది. ఇప్పుడున్న అధికారిణి చిన్న వయసు మనిషి. సీలు తీయించి చూస్తే అట్లాసు ఒక మూల బూజు పట్టి ఉంది. పాత కట్టు చేసిన కొట్టుకే పంపడం మంచిదనుకుని పంపించింది. దాని వెనకున్న కథ ఆమె ఒక దస్త్రంలో చదివి ఉంటుంది, అంతే.

అతుకులమ్మ పొద్దున్నే కిటికీ పక్క బల్ల మీద దాన్ని పెట్టుకుని, తండ్రి వేసిన కుట్లు ఒక్కొక్కటే తెంపి పటాలు విడదియ్యడం మొదలుపెట్టింది. ఇరవై ఆరోది చేతికి వచ్చేసరికి అలవాటుకొద్దీ సన్న సూది తీసి బెజ్జాల్లో దూర్చింది. అటునుంచి ఇటు వచ్చింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, అన్నిట్లోనూ వచ్చింది. ముప్పైలో సూది ఆగింది.

ముప్పయ్యో పటం కాస్త మందం. ఆ రోజుల్లో దాన్ని కడుతూ తండ్రి, పూర్వం ఎవరో వెనక కాగితం అతికి బెజ్జాలు పూడ్చారని అనుకున్నాడు. పాత పటాల్లో అది మామూలే. అతుకులమ్మ ముప్పై రెండోది తీసి సూది దూర్చింది. వచ్చింది. మళ్ళీ ముప్పయ్యో దానిలో దూర్చి చూసింది. ఆగింది. పురుగు పేజీ వదిలేసి దూకదు.

ఆమె ఆ పటాన్ని బోర్లా తిప్పింది. రాగి తుప్పుతో చేసిన ఆకుపచ్చ రంగు కాలం గడిచినకొద్దీ కాగితాన్ని తింటుంది, వెనక వైపు గోధుమరంగు మరకగా దిగుతుంది. ముప్పయ్యో పటంలో ఉన్నది సముద్రమే లేని దేశం. ఆకుపచ్చ అంతా పై అంచున అడవుల్లో ఉంది. కాని వెనక దిగిన మరక అలా లేదు. చిన్న చిన్న సున్నాలు గుంపుగా ఉన్నాయి. వాటికి దూరంగా ఒకే ఒక్క సున్నా ఉంది. ఆ సున్నాల వరసను ఆమె పదకొండు ప్రతుల వెనక చూసింది. నిద్రలో లేపి గియ్యమన్నా గీస్తుంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని ఒక సామెత ఉంది. చెప్పినవాళ్ళూ విన్నవాళ్ళూ నవ్వుకుంటారు. అతుకులమ్మ సూది పక్కన పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఎలా జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. జిగురు నీళ్ళు పట్టించిన పటాలను తడి మీదే ఒకదానిపై ఒకటి పేర్చి, ప్రతి రెంటికీ మధ్య ఒక అద్దుడు కాగితం పెట్టి, ప్రెస్సులో బిగిస్తారు. అద్దుడు కాగితం లేకపోతే పై పటం వీపు కింది పటం మొహానికి అంటుకుపోయి రెండూ ఒకటే అయిపోతాయి, వెంట్రుకవాసి జరిగి అంటుకుంటే బెజ్జాలు కూడా మూసుకుపోతాయి. అందుకే తండ్రి ఆ కొట్టులో ఒక నియమం పెట్టాడు. పేర్చేముందు లెక్కపెట్టాల్సింది పటాలను కాదు, అద్దుడు కాగితాలను. తొమ్మిది పటాలకు పది. పేర్చడం అయ్యేసరికి చేతిలో ఏమీ మిగలకూడదు. మిగిలిందా, ఎంత తడిగా ఉన్నా సరే, మొత్తం విప్పాలి.

ఆ రోజు ఆమె నాలుగో పేర్పు పేరుస్తోంది. పక్కన స్టూలు మీద జాబితా గారు కూర్చుని లేని దీవి కథ చెబుతున్నారు. ఒక కెప్టెను అది దొరికిందని రాజుగారికి ఉత్తరం రాసి బహుమానం కొట్టేశాడట. తర్వాత పంపిన ఓడకు అదే కెప్టెన్ని దారి చూపించమన్నారట. ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే పేర్చింది. పేర్చడం అయ్యాక చేతిలో ఒక అద్దుడు కాగితం మిగిలింది. మొదట్లోనే పదకొండు తీసుంటాను అనుకుంది. విప్పితే ఒక పూట పని పోతుంది, తండ్రి చూస్తే తిడతాడు. పక్కనున్న బాబాయి కూడా గమనించకుండా దాన్ని అలమరలో పెట్టేసి ప్రెస్సు బిగించింది.

ఈ సంగతి ఇన్నాళ్ళకు ఇప్పుడే గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది. కాని అలా కాదు. విచారణ గదిలో "అన్నీ ఉన్నాయా?" అని అడిగినప్పుడు ఆ మిగిలిన కాగితం ఆమె కళ్ళ ముందు కదిలింది. ఎదురుగా తండ్రి కూర్చుని ఉన్నాడు. "అన్నీ ఉన్నాయి" అంది. ఆ తర్వాత దానికీ దీనికీ సంబంధం లేదని తనకు తాను చెప్పుకుంది. ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్క లేదు. సంబంధం లేదని గట్టిగా నమ్మేవాళ్ళు సంచీ విప్పేలోపే టీ పెట్టరు.

తమ్ముడు వచ్చి చూశాడు. సూది తనూ దూర్చి చూశాడు.

"విడదియ్యగలవా?" అన్నాడు.

"గోరువెచ్చటి నీళ్ళలో పెడితే అదే వస్తుంది."

"వచ్చాక?"

"బాబాయి దగ్గరికి తీసుకెళ్తాను. మిగిలిన కాగితం సంగతి కూడా చెప్తాను." అని అతనికి మొదటిసారి ఆ సంగతి చెప్పింది.

తమ్ముడు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "అక్కా, తడి మీద అంటుకుపోయింది, ఎవరూ గమనించలేదు అని చెప్పు. అది అబద్ధం కాదుగా. ఆయన మీద పడ్డ మచ్చ పోతుంది. అంతకంటే ఆయనకి కావాల్సిందేముంది? కాగితం మిగిలిందీ, నువ్వు దాచావూ అని ఎందుకు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నాన్న పేరు మీద నడుస్తున్న కొట్టిది."

"నాన్న తప్పేం లేదుగా ఇందులో."

"ఎవరు నమ్ముతారు? నువ్వు చెప్పకపోతే ఇంకెవరికి తెలుసు?"

అది నిజమే. ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట పట్టుకుని ఆమె రెండు రోజులు ఊగిసలాడింది. సగం నిజం చెప్పినా ఆయన పరువు తిరిగొస్తుంది. మిగతా సగం చెబితే ఒరిగేదేమిటి? ఆయనకున్న ఒక్క ఆత్మీయురాలు తనే, తనూ దూరమవుతుంది, అంతే కదా. తమ్ముడి మాటలో పొల్లు లేదు. కాని ఆ మాట విన్నప్పుడల్లా ఆమె లేచి అలమర తలుపు తీసి మళ్ళీ వేసేది.

మూడో రోజు పెద్ద పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి పటాన్ని అందులో పడుకోబెట్టింది. అరగంటకు అంచు దగ్గర సన్నటి బుడగ లేచింది. మూల పట్టుకుని మెల్లగా లాగింది. ముప్పై రెండేళ్ళ కిందటి జిగురు ఏ పేచీ పెట్టకుండా వదిలేసింది. కిందనుంచి సముద్రం బయటపడింది. వెలుతురు తగలని పటం కదా, రంగులు నిన్న వేసినట్టు ఉన్నాయి. ఒంటరి దీవి చుట్టూ ఆకుపచ్చ మెరుస్తోంది. అతుకులమ్మ చేతులు నీళ్ళలోనే ఉంచి ఏడ్చింది. తర్వాత చేతులు తుడుచుకుని రెండు పటాలకు మూడు అద్దుడు కాగితాలు లెక్కపెట్టి తీసింది.

జాబితా గారిది సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడకు ఒక్క పటం కూడా లేదు. పదకొండూ మంచం కింద అట్టపెట్టెలో ఉంటాయి. ఆయనకు ఎనభై దగ్గరపడ్డాయి. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసక. భార్య పోయి నాలుగేళ్ళయింది. అతుకులమ్మ అట్టల మధ్య భద్రంగా పట్టుకొచ్చిన పటాన్ని చూసి నవ్వారు.

"ఏంటమ్మా, ఈసారి నువ్వే తెచ్చావు. పన్నెండోదా?"

ఆమె పటాన్ని బల్ల మీద పరిచింది. ఆయన సొరుగులోంచి సన్న కాగితం తీశారు. మడతల దగ్గర చిరిగితే ఆమే రెండుసార్లు అతికిపెట్టింది దాన్ని. కింది అంచు మీద పెట్టి, కన్ను చాలక చూపుడు వేలు కొసతో తడిమారు. మొదటి బెజ్జం. రెండోది. మూడోది. మళ్ళీ మొదటినుంచి తడిమారు. వేలు మూడో బెజ్జం మీదే ఆగిపోయింది.

"ఎవరి దగ్గర దొరికింది?" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. ఆ ప్రశ్న అడగడానికి ముప్పై ఏళ్ళుగా సాధన చేసినట్టుంది.

"ఎవరి దగ్గరా లేదు బాబాయ్. పుస్తకంలోనే ఉంది. ముప్పయ్యో పటం వెనక అంటుకుపోయింది. మా ప్రెస్సులో."

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. కింద దుకాణంలో ఎవరో చక్రం తిప్పుతున్నారు. అది ఆగింది.

"ఎవరూ తియ్యలేదన్నమాట."

"ఎవరూ తియ్యలేదు."

"నేను ఎంతమందిని అనుమానించానో తెలుసా? తుడిచేవాణ్ణి, తాళాలవాణ్ణి, చివరికి తనిఖీకి వచ్చినవాణ్ణి కూడా. అందరి పేర్లూ రాసి పెట్టుకున్నాను." సన్న కాగితం మడిచి, "నేనూ మీ కొట్టులో పని నేర్చుకున్నవాణ్ణే కదమ్మా. అద్దుడు కాగితాలు లెక్కపెట్టి పేర్చేవాళ్ళు. రెండు పటాలు అంటుకున్నాయంటే ఒకటి మిగలాలే" అన్నారు.

ఇక్కడే ఆమె ఇంకా ఆగవచ్చు. ఏమో బాబాయ్, గుర్తు లేదు అంటే ఆయన నమ్ముతారు. ఆమె ఏం చెప్పినా ఆయన నమ్ముతూనే వచ్చారు.

"మిగిలింది. నా చేతిలోనే మిగిలింది. అలమరలో పెట్టేశాను."

"ఎందుకు మిగిలిందో అప్పుడు తెలీదు నీకు."

"తెలీదు."

"మరి విచారణలో కూర్చున్నప్పుడు?"

"గుర్తొచ్చింది బాబాయ్. అడిగినప్పుడే గుర్తొచ్చింది. నాన్న నన్నే చూస్తున్నాడు. నోరు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు."

జాబితా గారు తల ఊపారు. కోపం వచ్చినట్టు కనబడలేదు. అరిచినా, చెంప మీద ఒకటి వేసినా ఆమె ప్రాణం కుదుటపడేది. ఆయన పటం వైపు తిరిగి, ఆ లేని దీవిని కనపడే కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు.

"మీ పిన్ని ఒక్కసారి అడిగింది నన్ను. ఉద్యోగం పోయిన కొత్తలో. 'నాతో నిజం చెప్పండి, తీశారా?' అంది. నాకు రోషం వచ్చింది. జవాబు చెప్పలేదు. మళ్ళీ తను అడగలేదు, నేను చెప్పలేదు. పటం దొరికాక మీ పిన్ని ముందు పెట్టి చెబుదామనుకున్నాను. నాలుగేళ్ళ కిందట తనూ పోయింది." పటాన్ని మెల్లగా బల్ల మీద పెట్టారు. "ఈ పూటకి వెళ్ళమ్మా. ఇది తీసుకెళ్ళు. ఇది నాది కాదు."

అతుకులమ్మ పటాన్ని మళ్ళీ అట్టల మధ్య పెట్టుకుని మెట్లు దిగింది. ఇంటికి వచ్చి తమ్ముడితో అంతా చెప్పింది. ఆ రోజు కొట్టు తెరవలేదు.

ఆమె గ్రంథాలయానికి జరిగిందంతా రాసి పంపింది. మిగిలిన కాగితం సంగతీ, విచారణలో దాచిన సంగతీ ఏదీ వదల్లేదు. తర్వాత నెలన్నరపాటు అట్లాసును బాగుచేసింది. యాభై నాలుగు పటాలూ వరసలో పెట్టింది. తమ్ముడు కట్టాడు. ఆ నెలన్నరలో ఒక్కసారి కూడా జాబితా గారు కొట్టు వైపు రాలేదు. తిరిగి ఇచ్చే ముందు రోజు మాత్రం అచ్చాఫీసు మనిషితో కబురు పంపారు. తనూ గ్రంథాలయానికి వస్తానన్నారు.

పాత పుస్తకాల గది ఏమీ మారలేదు. అదే పొడుగు బల్ల, అవే ఎత్తు కిటికీలు. అధికారిణి లేచి నిలబడి ఆయనకు కుర్చీ జరిపింది. ఆయన మీద వేసిన నింద తప్పని పైవాళ్ళు రాసి ఇచ్చిన కాగితాన్ని రెండు చేతులతో అందించింది. ఆయన దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. అట్లాసు ముట్టినట్టు ఈసారి కూడా ఆయనే సంతకం చెయ్యాలని, అది తమ గ్రంథాలయం కోరిక అని ఆమె చెప్పి రిజిస్టరు ముందుకు జరిపింది.

ఆయన కలం తీసుకోలేదు. అట్లాసు మొదటి పేజీ తెరిచారు.

"లెక్కపెట్టక్కర్లేదండీ" అంది అధికారిణి మర్యాదగా. "అక్కగారి పని మీద మాకు నమ్మకం ఉంది."

"నేనూ ఇదే కుర్చీలో కూర్చుని ఇదే మాట అన్నానమ్మా" అన్నారు జాబితా గారు.

కళ్ళతో కాదు, వేళ్ళతో లెక్కపెట్టారు. ఒక్కో పటం అంచు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపి, మందం చూసి, ఒక్కటే అని తేల్చుకున్నాకే అంకె పైకి అనేవారు. ఇరవై ఆరు నుంచి కింది అంచున బెజ్జాలు తడమడం మొదలుపెట్టారు. ముప్పై. ముప్పై ఒకటి. అక్కడ వేలు కొంచెం ఎక్కువసేపు నిలిచింది. ముప్పై రెండు. మధ్యలో అధికారిణికి ఫోను వస్తే బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చింది. అతుకులమ్మ ముప్పై రెండేళ్ళ కిందట రసీదు పుస్తకం పట్టుకుని నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

"యాభై నాలుగు" అని ఆయన సంతకం చేశారు.

తర్వాత అట్లాసు మూసి, తల ఎత్తకుండా దాన్ని ఆమె వైపుకు నెట్టారు.

"ఇప్పుడు నువ్వు."

అతుకులమ్మ లెక్కపెట్టింది. పైకి, ఆయనకు వినబడేలా. రెండుసార్లు ఆగి కళ్ళు తుడుచుకుని అక్కడినుంచే అందుకుంది. చివరి పటం తిప్పి, "యాభై నాలుగు, బాబాయ్" అంది.

జాబితా గారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆమెతోపాటు తనూ లోపల లెక్కపెట్టినట్టున్నారు.

"మళ్ళీ" అన్నారు.

ఆమె మొదటి పటం దగ్గరికి తిప్పి, ఒకటి అంది.